మగ్గం గుంట మీదుగా పోయిన హద్దు

నాగమల్లేశ్వరిని నేను మొదటిసారి చూసింది బందరు కలెక్టరాఫీసు వరండాలో. రెండు వేల ఏడు, ఎండాకాలం. లైసెన్సు సర్వేయర్లు అవుదామనుకునే వాళ్ళ సర్టిఫికెట్లు పరిశీలిస్తున్న రోజు. వరసలో ఉన్నవాళ్ళంతా మగవాళ్ళే. ఆడవాళ్ళం మేమిద్దరమే. నేను పక్కనే ఉన్న గూడూరులో బస్సెక్కి ఒక్కదాన్నే వచ్చాను. ఆమె పక్కన మాత్రం వాళ్ళ నాన్న నిలబడి ఉన్నారు. బక్కపలచని మనిషి, ఉతికిన తెల్ల పంచె, చంకలో సర్టిఫికెట్లున్న ప్లాస్టిక్ సంచి. దాన్ని కూతురి చేతికి కూడా ఇవ్వడం లేదు.

మా వంతు వచ్చేసరికి బల్ల దగ్గర కూర్చున్న గుమాస్తా గారు తలెత్తి ఆయన్నే అడిగారు.

"ఎవరికండీ? మీ అబ్బాయికా?"

"మా అమ్మాయికండీ."

గుమాస్తా గారు ఆమెకేసి చూశారు. "క్వాలిఫికేషన్ తెలుసామ్మా? లెక్కల గ్రూపుతో ఇంటర్ అన్నా ఉండాలి, ఐటీఐలో డ్రాఫ్ట్స్‌మన్ సివిల్ అన్నా ఉండాలి, లేదంటే పాలిటెక్నిక్."

"ఐటీఐ డ్రాఫ్ట్స్‌మన్ సివిలండీ. బందరులోనే చదివాను," అంది ఆమె.

"అదొక్కటే చాలదు. మేమిచ్చే శిక్షణ పూర్తి చేయాలి. ఒక సర్వేయరు కింద ఫీల్డులో పని నేర్చుకోవాలి. రాత పరీక్ష వేరు, ఫీల్డు పరీక్ష వేరు, రెండూ పాసవ్వాలి. పొలాల్లో తిరగాలి, బురదలో దిగాలి. తర్వాత మా వల్ల కాదంటే కుదరదు."

ఆమె సమాధానం చెప్పేలోపు వాళ్ళ నాన్న పున్నయ్య గారు అందుకున్నారు. "గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చునే వాళ్ళమండీ మేము. మా నాన్నా అంతే, నేనూ అంతే. ఇదన్నా నాలుగు ఊళ్ళు నడవనివ్వండి."

గుమాస్తా గారు నవ్వేసి కాగితాలు తీసుకున్నారు. వరసలోంచి బయటికొచ్చాక పున్నయ్య గారు నన్ను అడిగారు, "నీదే ఊరమ్మా?" అని. గూడూరు అన్నాను. "అయితే ఇద్దరూ కలిసే తిరగండి. మా మల్లి నోరు లేనిది," అన్నారు. ఆ మధ్యాహ్నం బస్టాండు ఎదురుగా హోటల్లో ముగ్గురం ఇడ్లీ తిన్నాం. నా పేరు సువర్ణ అని చెప్పడం కూడా అక్కడే.

వాళ్ళది పెడన. పున్నయ్య గారు నేతగాడు. ఊరి చివర, బందరు వెళ్ళే రోడ్డు పక్కన, తన తండ్రి కొన్న చిన్న స్థలంలో ఇల్లు, దాని పక్కనే రేకుల షెడ్డు వేసుకుని అందులో గుంట మగ్గం పెట్టుకున్నారు. గుంట మగ్గం అంటే నేలలో నడుం లోతు గుంట తవ్వి, అందులో కాళ్ళు దించి కూర్చుని నేసే మగ్గం. భార్య సత్యవతమ్మ గారు పక్కనే రాట్నం ముందు కూర్చుని నూలు కండెలు చుట్టేవారు. మగ్గం చప్పుడు ఆగితే ఇంట్లో ఎవరికో ఒంట్లో బాగాలేదని వీధివాళ్ళు అనుకునేవారట.

మల్లేశ్వరి వాళ్ళకి ఒక్కతే బిడ్డ. పదో తరగతి పాసయ్యాక కుట్టుమిషను నేర్పించమని బంధువులు చెప్పారు. పున్నయ్య గారు వినలేదు. ఆ పిల్ల చిన్నప్పటి నుంచీ చీర అంచులకి డిజైన్లు గళ్ళ కాగితం మీద గీసేది. గీత అటూ ఇటూ పోయేది కాదు. ఎవరో మాస్టారు చూసి, ఇంత శుభ్రంగా గీసే పిల్లని డ్రాఫ్ట్స్‌మన్‌లో చేర్చండి అన్నారట. ఆ మాట పట్టుకుని ఆయన బందరు తీసుకొచ్చి చేర్పించారు. రెండేళ్ళు గుడివాడ నుంచి వచ్చే పాసింజరు రైల్లో వెళ్ళి వచ్చింది. తర్వాత బందరులోనే ఇళ్ళ ప్లాన్లు గీసే ఒక ఆఫీసులో కుదిరింది. మధ్యలో పెళ్ళయింది. భర్త వెంకటసాయి కలంకారీ అద్దకం షెడ్డులో అచ్చులు వేసేవాడు. నెమ్మదస్తుడు. ఆమె ఏం చేస్తానన్నా కాదనేవాడు కాదు. కాపురం కూడా పెడనలోనే, పుట్టింటికి రెండు వీధుల అవతల.

శిక్షణలో మొదటి భాగం తరగతి గదిలో. కొలత గొలుసు ఎలా పరచాలి, సూటిగా గీత ఎలా పట్టాలి, ఆ గీత నుంచి పక్కకి కొలతలు ఎలా తీయాలి, పటం ఎలా వేయాలి. లెక్కలు నాకు తేలిక, పటం వేయడం ఆమెకి తేలిక. ఒకరికొకరం నేర్పుకున్నాం. నేల మీద పనే ఇద్దరికీ కొత్త. కర్రలు వరసలో నిలబెట్టి, ఒక కన్ను మూసి చూస్తే వెనక కర్రలన్నీ ముందు కర్ర చాటున దాక్కోవాలి. చదువుతుంటే సులువుగానే ఉంటుంది. పొలంలో నిలబడితే గాలికి కర్ర ఊగుతుంది, కళ్ళలో నీళ్ళొస్తాయి.

ఆదివారాల్లో నేను పెడన వెళ్ళేదాన్ని. కోత కోసిన చేలల్లో సాధన చేసేవాళ్ళం. పున్నయ్య గారు మగ్గం ఆపి మాతో వచ్చేవారు. ఎర్రా తెలుపూ రంగులు వేసిన కర్ర పట్టుకుని దూరంగా నిలబడేది ఆయనే. మల్లేశ్వరి ఇటువైపు నుంచి చెయ్యి చాపి ఎడమకి ఊపితే ఎడమకి, కుడికి ఊపితే కుడికి జరిగేవారు. చెయ్యి పైకెత్తి కిందికి దించితే అక్కడే కర్ర గుచ్చేవారు. కొన్నాళ్ళకి ఆయనకే చూడాలనిపించింది. "నన్నూ చూడనీమ్మా," అని వంగి, ఒక కన్ను మూసి, అవతల కర్ర పట్టుకున్న నన్ను జరిపేవారు. "పడుగు పోగులు వరస చూసినట్టే ఉంది," అన్నారు ఒకసారి. చేల గట్టు మీద కూర్చుని సత్యవతమ్మ గారు పంపిన పులిహోర తినేవాళ్ళం. ఆ రోజుల్లో ఆయనంత సంతోషంగా ఉన్న మనిషిని నేను చూడలేదు.

ఫీల్డు పనికి మా ఇద్దర్నీ దివిసీమలో కోడూరు వైపు వేశారు. బందరు నుంచి చల్లపల్లి, అవనిగడ్డ మీదుగా బస్సు. మాకు నేర్పించిన సర్వేయరు జీవరత్నం గారు. రిటైరవడానికి దగ్గరలో ఉన్నారు. ఎండకి నల్లబడిపోయిన మనిషి, మాట తక్కువ. ఆ ప్రాంతంలో పాత ఉప్పెనకి చాలా చోట్ల సర్వే రాళ్ళు కొట్టుకుపోయాయి, కొన్ని ఇసకలో కూరుకుపోయాయి. తర్వాత రొయ్యల చెరువులు తవ్వుతూ ఇంకొన్ని పీకేశారు. రాయి కనిపిస్తే చాలు అదే హద్దు అనుకునేవాళ్ళం మేము.

"రాయి కనపడగానే నమ్మకండి," అనేవారు జీవరత్నం గారు. "రాయికి కాళ్ళుండవు గానీ మనుషులు దాన్ని మోస్తారు. అటు రాయికీ ఇటు రాయికీ పటంలో ఎంత ఉందో నేల మీద అంత రావాలి. వస్తేనే అది రాయి."

ఆయన ఇంకో మాట కూడా చెప్పారు, శిక్షణ చివర్లో. కోడూరు సెంటర్లో టీ తాగుతున్నాం. "పరీక్ష పాసవుతారు మీరిద్దరూ. లైసెన్సు వస్తుంది. ఒక్కటి గుర్తుపెట్టుకోండి. సొంతవాళ్ళ నేల కొలవకండి. రూలుగా చెప్పడం లేదు, నా మాటగా చెబుతున్నాను." ఎందుకని మేము అడగలేదు. ఆయనా చెప్పలేదు.

ఇద్దరం పాసయ్యాం. లైసెన్సు కాగితం చేతికొచ్చిన రోజు పున్నయ్య గారు దాన్ని తీసుకెళ్ళి పెడనలో తెలిసిన ప్రతి మగ్గం దగ్గరా చూపించారట. పటం కట్టించి షెడ్డులో మగ్గానికి ఎదురుగా, నేస్తూ తలెత్తితే కనిపించేలా, గోడకి తగిలించారు. అసలు కాగితం నాకు కావాలి నాన్నా అని మల్లేశ్వరి బతిమాలి జిరాక్సు పెట్టించింది.

అప్పట్లో పని బాగానే దొరికేది. గుడివాడ చుట్టూ పొలాలు ప్లాట్లుగా మారుతున్నాయి. ఆడపిల్లలం కొలవడానికి వచ్చామంటే మొదట ఎగాదిగా చూసేవాళ్ళు, తర్వాత మంచినీళ్ళిచ్చేవాళ్ళు. ఒక్కో పనికి నేను ఆమెకి తోడు వెళ్ళేదాన్ని, ఇంకోదానికి ఆమె నాకు.

మరుసటి ఏడాది ఆమె బాబాయి అంకమ్మరావు గారు ఇల్లు కట్టుకోవాలనుకున్నారు. పున్నయ్య గారికి ఒక్కడే తమ్ముడు. చిన్నప్పుడే మగ్గం మానేసి గుడివాడ వెళ్ళి చీరల కొట్టు పెట్టుకున్నారు. అన్నదమ్ములిద్దరికీ మాట పట్టింపులు ఎప్పుడూ లేవు. తండ్రి కొన్న స్థలాన్ని ఇద్దరూ చెరిసగం పంచుకున్నారు. రోడ్డు వైపు హద్దుకి సగం, వెనక కాలవ వైపు హద్దుకి సగం, ఆ రెండు సగాలనీ కలిపిన గీతకి పడమర వైపు అన్నది, తూర్పు వైపు తమ్ముడిది. అలాగే రిజిస్టరు చేయించుకున్నారు. తమ్ముడి సగం ఖాళీగానే ఉండేది. ఇప్పుడు బ్యాంకు లోను కావాలంటే లైసెన్సు సర్వేయరు కొలిచి సంతకం పెట్టిన స్కెచ్ కావాలన్నారు.

"ఇంట్లో లైసెన్సు పెట్టుకుని ఊరి మీద ఎవర్నో పిలవడమేంటి? మన మల్లి కొలుస్తుంది," అన్నారు అంకమ్మరావు గారు.

మల్లేశ్వరి వద్దంది. "సువర్ణ కొలుస్తుంది బాబాయ్. నేను పక్కన ఉంటాను."

నేనూ అదే చెప్పాను పున్నయ్య గారితో. "నేను కొలుస్తాను మావయ్య గారూ. నాకైతే ఇబ్బంది ఉండదు."

ఆయన ముఖం చిన్నబోయింది. "నువ్వు వేరే, అది వేరే అని కాదమ్మా. ఊళ్ళోవాళ్ళ స్థలాలన్నీ కొలిచింది. నా తండ్రి కొన్న నేల మీద ఒక్కసారి గొలుసు పరవమంటే వద్దంటే ఎలా? నేను ఇంకెందుకు చదివించాను?"

ఆ ప్రశ్న ఆయన కోపంతో అడగలేదు. కోపంతో అడిగి ఉంటే ఆమె కాదని ఉండేది. తల వంచుకుని, సరే నాన్నా అంది.

కొలిచిన రోజు పొద్దున్నే మంచు ఉంది. మల్లేశ్వరి సర్వే ఆఫీసు నుంచి ఆ స్థలం పటం నకలు తెచ్చుకుంది. గొలుసు ఒక చివర నేను, ఇంకో చివర వెంకటసాయి. కర్ర పట్టుకునేది ఎవరో వేరే చెప్పక్కర్లేదు. పున్నయ్య గారు అప్పటికే కర్ర తుడిచి భుజాన వేసుకుని నిలబడ్డారు. అంకమ్మరావు గారు గుడివాడ నుంచి అందరికీ పకోడీ పొట్లం పట్టుకొచ్చారు. సత్యవతమ్మ గారు టీ పెట్టారు. ఏదో శుభకార్యంలా ఉంది.

వెనక వైపు హద్దు పటంతో సరిగ్గా కలిసింది. రోడ్డు వైపు కలవలేదు. తూర్పు మూల నుంచి పడమర మూల రాయి దాకా గొలుసు పరిస్తే పటంలో ఉన్నదానికంటే తక్కువ వచ్చింది. మల్లేశ్వరి మళ్ళీ పరవమంది. మళ్ళీ అంతే వచ్చింది.

"ఏమ్మా?" అన్నారు పున్నయ్య గారు.

"ఈ పడమర రాయి దగ్గర కొలత కలవట్లేదు నాన్నా."

"మా నాన్న ఉన్నప్పటి నుంచీ ఈ రాయే."

ఆమె రాయి దగ్గర కూర్చుని మట్టి తుడిచింది. దాని మీద సర్వే గుర్తు లేదు. ఎప్పుడో రోడ్డు వెడల్పు చేసినప్పుడు రోడ్డు వాళ్ళు పాతిన రాయి అది. ఆమె లేచి నాకేసి చూసింది. నాకూ అర్థమైంది. అసలు రాయి ఉంటే ఇంకా పడమరగా, రోడ్డు పక్కన పోసిన మట్టి కింద ఉండాలి. అలా ఉంటే సగం కూడా పడమరకి జరుగుతుంది. ఆ సగానికి ఆనుకుని ఉన్నది షెడ్డు.

ఆమె పటం మడిచింది, మళ్ళీ విప్పింది. "సాయంత్రం చూద్దాం నాన్నా. మంచు పడుతోంది, సరిగా కనపడట్లేదు," అంది.

పున్నయ్య గారికి అనుమానం రాలేదు. ఆయన ఆలోచన వేరే. "అంటే మన స్థలం ఇంకా అటు ఉన్నట్టేగా? ఎక్కువేగా వస్తుంది?" అన్నారు. ఎవరూ ఏమీ అనేలోపు ఇంట్లోకి వెళ్ళి గడ్డపార తెచ్చారు. "ఎక్కడ తవ్వమంటావు, చూపించు."

ఆమె వెంటనే చూపించలేదు. ఆయన అడుగుతూనే ఉన్నారు. చివరికి గొలుసు పరిచి, పటంలో ఉన్న కొలత ఎక్కడికి వస్తే అక్కడ చెప్పుతో గుర్తు పెట్టింది. ఆయనే తవ్వారు. మోకాటి లోతు దాటాక గడ్డపార ఖంగుమంది. చేతులతో మట్టి తీశారు. పాత నల్లరాయి, నెత్తిన సర్వే వాళ్ళ బాణం గుర్తు. ఆయన ముఖం వెలిగిపోయింది. "అంకమ్మా, చూడరా, నాన్న నేల," అని తమ్ముణ్ణి పిలిచారు. అన్నదమ్ములిద్దరూ ఆ గుంట దగ్గర గొంతుక్కూర్చుని రాయిని తడిమి చూశారు.

ఇక సగం గీత పట్టాలి. వెనక వైపు సగంలో ఒక కర్ర పాతాం. రోడ్డు వైపు కొత్త సగంలో ఒక కర్ర పాతాం. రెండింటి మధ్య వరసలో ఇంకో కర్ర కావాలి. పున్నయ్య గారు కర్ర పట్టుకుని షెడ్డుకి తూర్పు పక్కన నిలబడ్డారు, ఎప్పుడూ తాను గీత అనుకున్న చోట. మల్లేశ్వరి రోడ్డు దగ్గర వంగి, ఒక కన్ను మూసి చూసింది. చెయ్యి చాపి పడమరకి ఊపింది. ఆయన జరిగారు. మళ్ళీ ఊపింది. జరిగారు. వీపు షెడ్డు తడికకి తగిలింది. ఆమె చెయ్యి ఇంకా పడమరకే ఊగుతోంది.

ఆయన ఆగి చూశారు. అక్కడి నుంచే అడిగారు, "ఇంకానా?"

ఆమె మళ్ళీ పడమరకే చెయ్యి ఊపింది.

షెడ్డుకి రోడ్డు వైపూ కాలవ వైపూ తలుపులు తీసే ఉన్నాయి. ఆయన వంగి లోపలికి వెళ్ళారు. లోపల నుంచి ఎర్రా తెలుపూ కర్ర మెల్లగా జరుగుతూ కనిపించింది. మగ్గం పక్కకి వచ్చింది. గుంట అంచుకి వచ్చింది. ఆమె చెయ్యి పైకెత్తింది. చాలాసేపు దించలేదు. దించేసరికి ఆయన కర్ర గుంటలోకి దింపి నిలబెట్టి ఉన్నారు, తాను రోజూ కాళ్ళు పెట్టుకునే చోట.

తర్వాత ఆయన కర్రని వెంకటసాయికి పట్టుకోమని ఇచ్చి బయటికొచ్చారు. రోడ్డు దగ్గరికి నడిచి వచ్చి, కూతుర్ని కొంచెం పక్కకి జరగమని, వంగి, ఒక కన్ను మూసి తాను చూశారు. మూడు కర్రలూ ఒకదాని చాటున ఒకటి దాక్కున్నాయి. నిటారుగా లేచి, "కరెక్టే," అన్నారు.

విస్తీర్ణం చూస్తే ఆయనకి నష్టమేమీ లేదు. షెడ్డు వైపు పోయినంతా పడమర వైపు కలిసింది. కానీ కలిసింది రోడ్డు పక్క పల్లం, వానాకాలం నీళ్ళు నిలిచే చోటు. అక్కడ గుంట తవ్వితే నీళ్ళు ఊరతాయి. మగ్గానికి పనికి రాదు. మిగతా జాగా అంతా ఇల్లే.

అంకమ్మరావు గారు అన్న చేతులు పట్టుకున్నారు. "అన్నయ్యా, గీత గీతే, మనం మనమే. షెడ్డు అలాగే ఉండనీ. నేను ఇల్లు ఇటు జరిపి కట్టుకుంటాను."

"అక్కర్లేదురా," అన్నారు పున్నయ్య గారు. "నా కూతురు సంతకం పెడుతుంది. ఆ సంతకం ఒకచోటా, నేను ఒకచోటా ఉంటే బాగుండదు."

మల్లేశ్వరి సంతకం పెట్టనంది. ఆయనే కూర్చోబెట్టి పెట్టించారు. స్కెచ్ కూడా ఆయన ఎదురుగానే బాబాయి చేతికిచ్చింది.

ఆ వారంలోనే ఆయన మగ్గం విప్పేశారు. నేసే చీర పూర్తయ్యేదాకా ఆగమని సత్యవతమ్మ గారు ఏడ్చినా ఆగలేదు. పడుగు కోసి చుట్టేశారు. కర్రలన్నీ ఇంటి వసారాలో గోడకి చేరేశారు. కొన్నాళ్ళు వసారాలోనే కూర్చుని వాటికేసి చూస్తూ ఉండేవారట. మల్లేశ్వరి తన ఇంటి వెనక జాగా ఉంది, అక్కడ గుంట తవ్విస్తాను రమ్మంది. అల్లుడి ఇంట్లో మగ్గం వేయలేనన్నారు. అయినా ఆ వయసులో కొత్త గుంటలో కూర్చుంటే నడుం నిలవదని నవ్వారు.

తమ్ముడు ఇది చూడలేక గుడివాడ కొట్టుకి రమ్మన్నారు. "ఊరికే కూర్చుంటే మనిషి పాడైపోతాడు వదినా," అని సత్యవతమ్మ గారితో చెప్పి ఒప్పించారు. పున్నయ్య గారు పొద్దున రైలుకి వెళ్ళి సాయంత్రం వచ్చేవారు. కొట్టులో పరుపు మీద కూర్చుని చీరలు విప్పి చూపించడం పని. అవన్నీ మిషను మీద నేసినవే.

ఒకసారి మల్లేశ్వరికీ నాకూ గుడివాడలో పని పడింది. అయ్యాక నాన్నని చూసి వెళ్దామంది. కొట్టు నిండా జనం. మేము పరుపు ముందు నిలబడ్డాం. ఆయన తల వంచుకుని ఒక చీర మడత పెడుతున్నారు. తలెత్తకుండానే, "రండమ్మా, కూర్చోండి. ఏ రంగు చూపించమంటారు?" అన్నారు. అని తలెత్తారు.

ఆయనే తేరుకుని, "తిన్నారా?" అని అడిగారు. తిన్నామని అబద్ధం చెప్పింది మల్లేశ్వరి. బయటికొచ్చాక రైల్వే స్టేషను దాకా నడిచాం. ఆమె ఏడవలేదు. "ఆయన చేతులు చూశావా సువర్ణా," అంది. "మడత పెట్టేటప్పుడు నేత తడిమి చూస్తున్నారు."

ఆ తర్వాత ఏడాది దాటకముందే ఆయనకి దగ్గు పట్టుకుంది. నేతవాళ్ళలో చాలామందికి వచ్చే ఆయాసమే. బందరు ఆస్పత్రిలో చేర్చారు. మల్లేశ్వరి పనులన్నీ మానేసి అక్కడే ఉంది. నేను చూడటానికి వెళ్ళిన మధ్యాహ్నం ఆయన దిండుకి ఆనుకుని కూర్చుని ఉన్నారు. ఆమె కమలాపండు ఒలిచి తొన పెడుతోంది.

"సువర్ణమ్మా, పనులు బాగున్నాయా?" అని అడిగారు. బాగున్నాయన్నాను. కాసేపు ఆయాసపడి, కూతురికేసి తిరిగారు.

"నువ్వు తప్పు కొలిచావని నేనెప్పుడూ అనుకోలేదమ్మా. నేనూ చూశాను కదా, నా కంటితో."

"మాట్లాడకు నాన్నా."

"అనుకోలేదు. కానీ ఒక్కోసారి అనిపిస్తుంది." ఆగారు. "ఆ రోజు మంచు పడుతోందన్నావు. సాయంత్రం చూద్దామన్నావు. నేను గడ్డపార తేకుండా ఉంటే నువ్వు చూసీ చూడనట్టు ఊరుకునేదానివేమో అని."

ఆమె ఏమంటుందోనని నేను చూశాను. పండు పళ్ళెంలో పెట్టేసింది. "తెలియదు నాన్నా," అంది. అది నిజం. ఆమె అబద్ధం చెప్పి ఉంటే ఆయన ఆ మాట పట్టుకుని కొంచెం ఊరట పడేవారేమో. ఆయన తలూపి కళ్ళు మూసుకున్నారు. ఆ తర్వాత వాళ్ళిద్దరి మధ్యా ఆ మాట రాలేదని మల్లేశ్వరే చెప్పింది. వారం తిరగకముందే ఆయన పోయారు.

దహనం అయ్యాక అంకమ్మరావు గారు ఆ స్థలంలోకి వెళ్ళి చాలాసేపు నిలబడ్డారు. లోను ఎప్పుడో మంజూరైంది. పునాదికి ముహూర్తం పెట్టుకున్న ప్రతిసారీ ఏదో ఒక సాకు చెప్పి వాయిదా వేశారని అప్పుడే తెలిసింది. ఆ గుంట పూడ్చి దాని మీద గోడ ఎత్తడం ఆయన వల్ల కాలేదు. ఇక గుడివాడలోనే చిన్న ఇల్లు కొనుక్కున్నారు. పెడన స్థలం అలాగే ఉండిపోయింది. షెడ్డు రేకులు గాలివానకి లేచిపోయాయి. గుంటలో నీళ్ళు నిలిచి తుంగ మొలిచింది. ఆ గీత వల్ల ఎవరికీ ఏదీ దక్కలేదు.

మల్లేశ్వరి లైసెన్సు వదిలేస్తుందేమో అనుకున్నాను. పొడిగించుకోవాల్సిన గడువు దగ్గర పడుతున్నా ఉలకలేదు, పలకలేదు. ఒకరోజు నేను వెళ్ళేసరికి సత్యవతమ్మ గారే ఆమెతో మాట్లాడుతున్నారు.

"నువ్వు మానేస్తే ఆయన తిరిగొస్తాడా?"

"రాడులే అమ్మా."

"మరి?"

"కర్ర పట్టుకుని ఎవరు నిలబడినా నాన్నలాగే కనిపిస్తున్నారు. చెయ్యి ఊపలేకపోతున్నాను."

సత్యవతమ్మ గారు లేచారు. లోపలికి వెళ్ళి అన్నం వడ్డించుకొచ్చి ముగ్గురికీ పెట్టారు. తిన్నాక చెయ్యి కడుక్కుంటూ, "వెళ్ళి రా. సువర్ణ తోడుందిగా," అన్నారు, కూరగాయలకి పంపుతున్నట్టు.

వెళ్ళాం. లైసెన్సు పొడిగించారు. కానీ ఆ తర్వాత ఆమె పెడనలో ఎవరు పిలిచినా వెళ్ళలేదు. ఇళ్ళ స్థలాలు అసలే ఒప్పుకోదు. కోడూరు, నాగాయలంక వైపు పొలాలుంటేనే వెళ్తుంది. ఎవరి గుంటా, ఎవరి గోడా లేని చోట. పని మొదలుపెట్టే ముందు రైతుని పిలిచి, "మీరు గట్టు మీద కూర్చోండి, కర్ర పట్టుకోవడానికి మనిషిని తెచ్చుకున్నాను," అంటుంది. పొలం వాళ్ళెవరినీ పట్టుకోనివ్వదు.

కిందటి నెల ఆమెతో నేనూ వెళ్ళాను. కోడూరు అవతల ఉప్పునేల, దూరంగా మడ చెట్లు. సీతమ్మ అనే ముసలావిడ పొలం. కొడుకులు పంచుకుంటున్నారు. పని అయ్యాక సీతమ్మ మాకు మజ్జిగ ఇచ్చి అడిగింది.

"ఆడపిల్లలు ఇంత కష్టం పని ఎలా చేస్తున్నారమ్మా? మీ వాళ్ళేమీ అనరా?"

మల్లేశ్వరి గ్లాసు ఆవిడ చేతికిచ్చింది. "మా నాన్న చేర్పించాడు మామ్మా," అంది. గొలుసు చుట్టి సంచిలో వేసుకుని, బస్సు తప్పిపోతుందని గట్టు వెంట గబగబా నడిచింది. నేను కాస్త వెనకగా వెళ్ళాను. ముఖం తుడుచుకునే వీలు ఆమెకి కావాలనిపించింది.